ఎరుపు ఎక్కడ ఆగింది?

పోయిన మంగళవారం కూరగాయల బజారులో ఒక పెద్దమనిషి రెండు టమాటాలు నా ముందు పెట్టి, "ఏమండీ, వీటిల్లో పండింది ఏదో కాస్త చెబుతారా?" అని అడిగాడు. ఎగతాళి చేస్తున్నాడనుకుని ముఖం చిట్లించాను. ఒకటి నిగనిగలాడే ఎరుపు, రెండోది పచ్చికాయ. కానీ ఆయన నిజంగానే అడుగుతున్నాడు. చెప్పాను. పండినదాన్ని వేళ్ళతో ఒత్తి చూసుకుని, "ఇలా ఒత్తితే నాకూ తెలుస్తుందండీ, అన్నీ నలిపేస్తున్నానని కొట్టువాడు తిడతాడు" అని నవ్వాడు.

సంచీతో ఇంటికి వచ్చానన్న మాటేగాని ఆ రోజంతా నా ఆలోచన మా తిరువూరు డాక్టరు గారి మీదే ఉంది.

ఆయన మా వీధికి వచ్చింది డెబ్బై రెండులో. మా ఎదురిల్లు దర్జీ సాయిబు గారిది. వీధి వైపు గదిని రెండుగా చేసి, ఒక సగంలో ఆయన కుట్టుమిషను పెట్టుకుని రెండో సగం డాక్టరు గారికి అద్దెకిచ్చారు. మధ్యలో అడ్డంగా ఒక దుప్పటి. మిషను చప్పుడు ఆగిందంటే చాలు, "సాయిబు గారూ, చెవులు ఇటు పెట్టకండి" అని దుప్పటి ఇవతలి నుంచి కేక వచ్చేది. "లేదు సార్, దారం తెగింది" అని అవతలి నుంచి జవాబు. రోగం చెప్పుకునే మనిషి మాటల్లో మంచి పట్టు వచ్చినప్పుడే ఆ దారం తెగేది.

నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఒకసారి జ్వరం తగిలి సెలవు పెట్టినప్పుడు ఆయన రాసిచ్చిన చీటీ మొదటి అక్షరం నుంచి సంతకం దాకా ఎర్ర సిరాతో ఉంది. మా హెడ్మాస్టరు గారు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "ఏమ్మా, జ్వరానికి మార్కులెన్ని వేశారు?" అన్నారు. బడిలో అందరూ నవ్వారు. నేను ఆ చీటీ తిరిగి తీసుకెళ్ళి డాక్టరు గారి బల్ల మీద పెట్టాను.

ఆయన దాన్ని దగ్గరగా పట్టుకు చూశారు, దూరంగా పట్టుకు చూశారు. సిరాబుడ్డిని వెలుతురులోకి ఎత్తి తిప్పారు.

"నల్లదనుకున్నానమ్మా" అన్నారు.

ఆయనే చెప్పారు. "పుట్టుకతో వచ్చింది. మీకందరికీ ఎరుపు కేక వేసినట్టు కనబడుతుందట. నాకు గొణిగినట్టు ఉంటుంది. పక్కనే పచ్చ కూడా అలాగే గొణుగుతుంది. రెండూ కలిసినచోట ఎవరేమంటున్నారో తెలియదు."

"మరి పుండ్లూ, వాపులూ ఎలా చూస్తున్నారండీ?"

"అందుకే కదా మీ అందరినీ అడిగేది."

అప్పుడు అర్థమైంది నాకు. కాలో చెయ్యో వాచి ఎవరు వచ్చినా ఆయన మొదట అడిగే మాట ఒకటే. "ఎరుపు ఎక్కడ ఆగింది?" రోగితో వచ్చినవాళ్ళ చేతికి బాల్‌పెన్ను ఇచ్చి, ఎరుపు అంచు వెంబడే చర్మం మీద గీత గీయమనేవారు. వాళ్ళు గీస్తున్నంతసేపూ కిటికీలోంచి బయటికి చూసేవారు. గీయడం అయ్యాక తన అరచేయి తిరగేసి, బాగున్న చర్మం నుంచి వాపు వైపు మెల్లగా జరుపుకుంటూ వచ్చేవారు. చేతి వెనక భాగానికి వేడి తగిలినచోట ఆగేవారు. ఆయన చెయ్యి ఆగినచోటా, గీత ఉన్నచోటా ఒకటే అయితే తల ఊపేవారు. కాకపోతే, "టీచరు గారిని పిలవండి" అనేవారు. నా గీత వంకర పోదని ఆయన నమ్మకం. మా నల్లటి ఒంటి మీద ఎరుపు పట్టుకోవడం కళ్ళున్నవాళ్ళకీ తేలిక కాదని ఆ గీతలు గీస్తూ నేను తెలుసుకున్నాను. కొందరికి అది ఎరుపులా ఉండదు. ఊదాగానో, ఉత్త నిగారింపుగానో ఉంటుంది.

"గీత లోపలే ఉంటే మందు పనిచేస్తున్నట్టు. గీత దాటితే ఉన్నవాళ్ళు ఉన్నట్టు నా దగ్గరికి రండి. బస్సు లేకపోతే బండి కట్టుకుని రండి." ఈ మాట ప్రతివాళ్ళకీ చెప్పేవారు. చెప్పించుకున్నది మళ్ళీ వాళ్ళచేత అప్పజెప్పించుకునేవారు.

ఊళ్ళో జనం దీన్ని ఇంకోలా అర్థం చేసుకున్నారు. డాక్టరు గారు గిరి గీస్తారు, రోగం దాన్ని దాటలేదు అని. పెనుగొలను నుంచి ఒక రైతు ఏ పుండూ లేని కాలు బల్ల మీద పెట్టి, "చేలో ముళ్ళు ఎక్కువండీ, ముందే ఒక గిరి గీసి పెట్టండి" అన్నాడు. డాక్టరు గారు తల పట్టుకున్నారు. దుప్పటి అవతల మిషను ఆగి, సాయిబు గారి నవ్వు వినబడింది.

అంత నవ్విన సాయిబు గారే తర్వాత ఆయన చేత చివాట్లు తిన్నారు. పాదానికి సూది గుచ్చుకుని మడమ పైదాకా వాచింది. గీత నేనే గీశాను. ఇంజక్షన్లు మొదలయ్యాయి. గీత ఎలా ఉందో చూడమంటే ప్రతిసారీ "లోపలే ఉంది సార్" అని దుప్పటి అవతలి నుంచే చెబుతున్నారు. గొంతులో వణుకు విని డాక్టరు గారు దుప్పటి లాగేశారు. పిక్క మీద సుద్దతో, చొక్కా చంకకి గీసినంత చక్కగా ఇంకో గీత ఉంది. నా గీత కంటే బాగా పైన.

"ఇదెవరు గీశారు?"

"నేనే సార్. పెన్నుది చెరిగిపోతోందని."

"ఇంత పైన ఎందుకు గీశారు?"

"కింద గీస్తే మరీ బిగుతుగా ఉందనిపించింది సార్. కుట్టుబడికి కొంచెం వదిలాను."

డాక్టరు గారు అరిచిన అరుపుకి వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. "నేను మీకు లాగు కుట్టమన్నానా!" ఆ రోజు నుంచి మందు మార్చి, ఉదయం సాయంత్రం ఆయనే కూర్చుని చూసి, ఎలాగో ఆ కాలు నిలబెట్టారు. అది తగ్గేదాకా డాక్టరు గారు సరిగ్గా భోజనం చెయ్యలేదని సాయిబు గారి భార్య మా అత్తయ్య గారితో చెప్పింది.

ఆయనకు అసలు భయం ఎరుపంటే కాదు. ఒకరోజు పెన్ను నా దగ్గర తీసుకుంటూ అన్నారు. "కనబడేది పెద్దగా ఉండి నొప్పి తక్కువుంటే నేను నిద్రపోతాను టీచరు గారూ. కనబడేది ఏమీ లేకుండా నొప్పి ఎక్కువగా ఉంటే మాత్రం అన్నం సయించదు."

డెబ్బై నాలుగు ఆషాఢంలో మా అమ్మాయి కాలు నొప్పి అంది. మా అత్తయ్య గారు పోయేదాకా శ్రావణం అనే అనేవారు. ఆషాఢమే. కాలివేళ్ళకి ఆషాఢం గోరింటాకు అప్పుడే పండి ఉంది.

పిల్లకి అప్పుడు తొమ్మిదో ఏడు. బడి దగ్గర తొక్కుడుబిళ్ళ ఆడుతూ పడింది. కుడి మోకాలి కింద నొప్పి అంటే బెణికిందనుకున్నాం. అత్తయ్య గారు ఆముదం వెచ్చచేసి రుద్దారు. తగ్గలేదని పసుపూ సున్నమూ కలిపి, మోకాలి నుంచి చీలమండ దాకా వేడివేడిగా పట్టు వేశారు. మా ఇళ్ళల్లో ఏ దెబ్బకైనా చేసేది అదే. పిల్లకి జ్వరం వచ్చింది. భయపడి వచ్చిందన్నారు. కాలు కింద పెట్టనంటోంది. దుప్పటి కప్పబోతే, "నాయనమ్మా, ముట్టుకోవద్దే, గాలి కూడా తగలనివ్వద్దే" అని ఏడ్చింది. అల్లరిపిల్ల, దెబ్బలు తగలడం అలవాటే. గాలి తగలనివ్వద్దు అనే పిల్ల మాత్రం కాదు. ఎదురింటికి వెళ్ళి డాక్టరు గారిని పిలుచుకొచ్చాను.

ఆయన మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, పెన్ను నా చేతికిచ్చి, అలవాటు ప్రకారం అడిగారు.

"ఎరుపు ఎక్కడ ఆగింది?"

చూశాను. పసుపులో సున్నం కలిస్తే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. మోకాలి నుంచి కింద దాకా పారాణి పెట్టినట్టుంది కాలు. "ఎక్కడా ఆగలేదండీ, అంతా ఎర్రగానే ఉంది" అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. చెయ్యి చాచి కాలి మీద పెట్టబోయి, వేళ్ళకి గరుకు తగిలి ఆగారు.

"ఇదేంటి?"

"పట్టు బాబూ, నేనే వేశాను" అన్నారు అత్తయ్య గారు.

"కడగండి."

గోరువెచ్చటి నీళ్ళతో, దూదితో కడిగాం. పిల్ల అరుపులకి మా వారు బట్టల కొట్టు వదిలేసి పరిగెత్తుకొచ్చారు. చర్మం బయటపడ్డాక పెన్ను పట్టుకుని అటూ ఇటూ వెతికాను. పసుపు మరక తప్ప ఏమీ లేదు. మోకాలి కింద కాస్త ఉబ్బు, అంతే. "గీయడానికి అంచు లేదండీ. ఎరుపే లేదు" అన్నాను. మా వారు అమ్మయ్య అని గోడకి ఆనుకున్నారు.

డాక్టరు గారు మాత్రం పీటని ఇంకా దగ్గరికి లాక్కున్నారు. మోకాలిని కొద్దిగా, చాలా కొద్దిగా వంచి చూశారు. వంగింది. తర్వాత ఒక్క వేలితో చీలమండ దగ్గర మొదలుపెట్టి ముందు ఎముక మీదుగా నొక్కుకుంటూ పైకి వచ్చారు. కాలి వంక చూడటం లేదు. పిల్ల ముఖం వంక చూస్తున్నారు. మోకాలికి కాస్త కింద, లోపలి వైపు వేలు ఆగింది. పిల్ల నోరు తెరిచింది. గొంతు రాలేదు.

"ఈమధ్య ఒంటి మీద సెగ్గడ్డ ఏమైనా లేచిందా?"

మెడ వెనక లేచి, పగిలి, మానిన మచ్చ చూపించాను. ఆయన దాన్ని వేలితో తడిమి చూశారు.

"ఇది చర్మంలో లేదు టీచరు గారూ. కండలోనూ లేదు. గడ్డలోని విషం రక్తంలో కలిసి ఎముకలో దిగింది. లోపల చీము పడుతోంది. ఎముక సాగదు కాబట్టి దానికి చోటు లేదు, అందుకే ఈ నొప్పి. ఇప్పుడే విజయవాడ తీసుకెళ్ళండి. ఎముకకి చిల్లి పెట్టి చీము తీయాలి."

అత్తయ్య గారు నా చేతిలోని పెన్ను లాక్కుని ఆయన చేతిలో పెట్టారు. "గిరి గీయండి బాబూ."

"పెద్దమ్మ గారూ, ఎక్కడ గీయను?"

"ఎక్కడో ఒకచోట గీయండి. అందరికీ గీశారు కదా. నా మనవరాలికి గీయరా?"

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నారు. దానితో ఆవిడ, ఇంక ఆశ లేదనుకుని, గడప మీదే కూలబడ్డారు.

మా వారు నన్ను వంటింట్లోకి పిలిచారు. "పచ్చిమిరపకాయకీ పండుమిరపకాయకీ తేడా తెలియదు ఆయనకి. ఆ మాట మీద పిల్ల ఎముక కోయిస్తావా? పైకి ఏమీ లేదని నువ్వే అన్నావుగా. రేపు విస్సన్నపేటలో ఇంకొకరికి చూపిద్దాం."

మా వారు అన్నదాంట్లో తప్పేముంది? నా కళ్ళకీ ఏమీ కనబడలేదు. ఏమీ కనబడకపోతే అన్నం సయించదన్న మనిషి బయట పీట మీద కూర్చుని ఉన్నాడు. బయటికి వచ్చి సూటిగా అడిగాను. "రేపు వెళితే ఏమవుతుందండీ?"

"రేపు వెళితే కాలు గురించి మాట్లాడతారు. ఆ తర్వాత వెళితే పిల్ల గురించి మాట్లాడవలసి వస్తుంది."

చీర మార్చుకోవడానికి లోపలికి కూడా వెళ్ళలేదు నేను. ఎదురింట్లోంచి అంతా విన్నారో ఏమో, సాయిబు గారు తమ్ముడి టాక్సీని గుమ్మం ముందుకు తెప్పించారు. గుడ్డలు కొలిచే చెక్క గజం బద్ద తెచ్చి డాక్టరు గారికిచ్చారు. ఆయన దూది పరిచి, కాలిని ఆ బద్దకి కదలకుండా కట్టారు. సాయిబు గారు మా వారి భుజం మీద చెయ్యి వేసి, "వెళ్ళండి సేటు గారూ. నా కాలు మీద నేను నిలబడి చెబుతున్నాను" అన్నారు. మా వారు వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నారు.

కారు కదలబోతుంటే డాక్టరు గారు కిటికీలోంచి వంగారు. "ఫోటో తీస్తారు. అందులో ఎముక బాగానే కనబడుతుంది. మొదట్లో అలాగే ఉంటుంది. బాగుంది, ఇంటికి వెళ్ళమంటే కదలకండి. పెద్ద డాక్టరు వచ్చేదాకా కూర్చోండి. వేలు ఎక్కడ ఆగిందో గుర్తుందా?"

"గుర్తుందండీ."

"చూపించండి."

చూపించాను, తాకకుండా. తల ఊపారు.

ఎ.కొండూరు దాటాక వాన పట్టుకుంది. గుంట వచ్చిన ప్రతిసారీ పిల్ల నా చెయ్యి కొరికేది. మైలవరం దగ్గర అనుకుంటాను, "అమ్మా, ఈ కాలుని ఇంటి దగ్గర వదిలేసి వచ్చుంటే బాగుండేదే" అంది. డ్రైవరు నవ్వబోయి, అద్దంలో నా ముఖం చూసి మానుకున్నాడు.

ఆసుపత్రిలో అచ్చం ఆయన చెప్పినట్టే జరిగింది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఫోటోని వెలుతురుకి పట్టి, నాకు చూపించి, "ఎముక శుభ్రంగా ఉందమ్మా. మందు రాస్తాను, వారం తర్వాత మళ్ళీ రండి" అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. మా వారి ముఖం వెలిగింది. నాకూ ఆ మాట ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. లేచి వెళ్ళిపోతే చాలు, పిల్లకి ఏ కోతా ఉండదు. సంచీ తీసుకోబోయాను కూడా. అంతలో పిల్ల, ఎవరూ ముట్టుకోకుండానే, నిద్రలో ఉలిక్కిపడి నోరు తెరిచింది. మళ్ళీ గొంతు రాలేదు.

"పెద్ద డాక్టరు గారు వచ్చేదాకా కూర్చుంటామండీ" అన్నాను.

"ఎందుకమ్మా?"

"కూర్చోమన్నారు."

ఆ బల్ల మీద ఎంతసేపు కూర్చున్నానో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టనిది నా జన్మలో అదొక్కటే అనుకుంటాను. పెద్ద డాక్టరు గారు వచ్చి ఫోటో చూసి, దాన్ని పక్కన పెట్టారు. నేను వేలు పెట్టి చోటు చూపించాను. ఆయన నొక్కారు. మా డాక్టరు గారిలాగే, కాలి వంక కాక ముఖం వంక చూస్తూ నొక్కారు. వెంటనే వేలు తీసేసి, "పిల్ల ఏమైనా తిందా?" అని అడిగారు. ఆపరేషనుకి ముందు అడిగే ప్రశ్న అని తర్వాత తెలిసింది.

ఎముకకి చిల్లి పెట్టగానే చీము ఎగదన్నుకుని వచ్చిందట. లోపలి నుంచి బయటికొచ్చిన నర్సు చెప్పింది. మా వారు ఆ మాట విని వరండా చివరి దాకా నడిచి వెళ్ళి, అక్కడే చాలాసేపు అటు తిరిగి నిలబడ్డారు.

పెనిసిలిన్ ఇంజక్షన్లు, పిండికట్టు, మంచం. దసరా ముందు పిండికట్టు తీశారు. అత్తయ్య గారు మనవరాలికి కొత్త వెండి పట్టీలు చేయించి, పెట్టి, నడిపించి చూపించడానికి డాక్టరు గారిని పిలిచారు.

ఆయన వచ్చి, "ముందు ఆ పట్టీలు తీసెయ్యండి. వాటి మోతలో కాళ్ళు వినబడవు" అన్నారు. అత్తయ్య గారు నొచ్చుకుంటూ తీశారు. అప్పుడు ఆయన పీటని వీధి వైపు తిప్పుకుని, పిల్లకి వీపు పెట్టి కూర్చున్నారు.

"ఇదేంటి బాబూ, చూడమని పిలిస్తే!"

"చూస్తే బాగుందనిపిస్తుంది పెద్దమ్మ గారూ. అందుకే చూడను. నడువమ్మా."

పిల్ల హాల్లో నాపరాళ్ళ మీద ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచింది. ఆయన తల వంచుకుని వింటున్నారు. "మళ్ళీ" అన్నారు. నడిచింది. "మళ్ళీ."

"ఎన్నిసార్లండీ డాక్టరు గారూ? నాకు ఎక్కాలు కూడా ఇన్నిసార్లు అప్పజెప్పించదు మా అమ్మ."

"టీచరు గారూ, మీకేం వినబడుతోంది?"

అత్తయ్య గారు నా వంక ఉరిమి చూశారు. "కుడికాలు కాస్త వెనకబడి పడుతోందండీ" అన్నాను.

"నాకూ అలాగే ఉంది. వాడకంలో కలవచ్చు. కలవకపోవచ్చు."

"మానిపోయిందని ఒక్క మాట అనండి బాబూ. మీ నోటితో ఒక్క మాట."

ఆయన ఆవిడ వైపు తిరిగారు. "చీము తీశారు పెద్దమ్మ గారూ. ఎముకలో ఎక్కడైనా మిగిలి ఉంటే ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ లేస్తుంది. జ్వరం వచ్చినా, ఆ చోట నొప్పి అన్నా, మచ్చ దగ్గర చెమ్మ కనబడినా నాకు చెప్పాలి. పట్టు వేయకూడదు. మానిందన్న మాట ఇవాళ నా దగ్గర లేదు."

అంతలో వీధిలోంచి ఎవరో పిల్ల మా అమ్మాయిని పేరు పెట్టి పిలిచింది. మేం వద్దనే లోపలే మా పిల్ల ఆయన పక్కనుంచి దూరి, మెట్లు దిగి పరుగెత్తింది. అత్తయ్య గారు "అయ్యో, పడతావే" అని లేవబోయారు. డాక్టరు గారు చెయ్యి ఎత్తి ఆవిడని ఆపారు. కళ్ళు మూసుకుని, మెడ కాస్త పక్కకి వంచి, ఆ అడుగుల చప్పుడు వీధి మలుపు తిరిగి వినబడకుండా పోయేదాకా ఆ చెయ్యి దించలేదు. మేమంతా కూడా ఆ చప్పుడే వింటూ నిలబడ్డాం.